ఆంగ్లజాతీయములలో ఓడవాండ్ర పలుకుబడి

మన పాఠశాలలలో ఆంగ్లభాష నభ్యసించు విద్యార్థికి జాతీయములు రెండు నిలువు వరుసలుగా పరిచితము లగుచున్నవి: ఎడమవైపున పలుకుబడి, కుడివైపున దాని యర్థము. ఈ పట్టికలను కంఠస్థము చేసినవాడు పరీక్షలో నెగ్గవచ్చును గాని, ఆ పలుకుబడిని స్వయముగా వాక్యమున ప్రయోగింపబోయినపుడు, అది యెచ్చట నొదుగునో యెచ్చట నొదుగదో తేల్చుకొనజాలక తడబడును. ఏ పనిపాటలలో ఆ జాతీయము పుట్టినదో ఆ పనియొక్క యానుపానులే నేటికిని దాని ప్రయోగమునకు హద్దులు గీయుచున్నవనియు, పట్టికలోని యేకపదార్థము ఆ హద్దులను చెరిపివేయుచున్నదనియు నా యభిప్రాయము. దీనిని పరీక్షించుటకు నౌకాజీవనమునుండి వచ్చిన జాతీయములు మిక్కిలి యనువైనవి. వర్తకమును, యుద్ధములను, వలసరాజ్యములను శతాబ్దములపాటు తెరచాప యోడలపై నడపిన జాతి యగుటచే, సముద్రము నెన్నడును చూడని ఇంగ్లీషు గృహస్థుని నోట సైతము ఓడవాండ్ర మాటలు నిత్యము దొరలుచుండును. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రకటించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అను గ్రంథము ఆంగ్లసముద్రపదముల చర్చతోనే ఆరంభమగుట యెంతయు సముచితము.

‘టు బి టేకెన్ అబాక్’ అను దానిని మొదట పరిశీలింతము. పట్టికలలో దీనికి ‘ఆశ్చర్యపడుట’ యని యర్థము. స్తంభములకు అడ్డముగా కట్టిన దూలములనుండి వ్రేలాడు చతురస్రపు తెరచాపలు గల ఓడలో, గాలి చాపల వెనుకతట్టున నిండి వానిని ముందునకు పొంగించుచుండగా నావ సాగిపోవును. అట్లు సాగుచుండగా గాలి హఠాత్తుగా దిశ మార్చుకొన్నను, చుక్కాని పట్టినవాడు ఏమరుపాటున నావను గాలికి మిక్కిలి యెదురుగా త్రిప్పినను, గాలి చాపల ముందుతట్టున కొట్టి, వానిని స్తంభములకు అదిమివేయును. అంతవరకు ముందునకు లాగుచుండిన శక్తియే వెనుకకు నెట్టుటకు మొదలిడును. నావ నిలిచిపోయి వెనుకకు నడచును. నావ వెనుకకు నడచుచున్నందున చుక్కాని తలక్రిందుగా పనిచేయును. గాలి బలమైనదైనచో స్తంభములే విరిగి పడవచ్చును. అయితే నావికులు నావను తటాలున ఆపవలసినపుడు బుద్ధిపూర్వకముగా కూడ చాపలను ఇట్లు ఎదురుగాలికి త్రిప్పుట కలదు. 1769లో విలియం ఫాల్కనర్ వెలువరించిన నౌకానిఘంటువు ఈ రెంటిని వేరుపరచినది: బుద్ధిపూర్వకముగా చేసినది ‘లెయిడ్ అబాక్’, వశము తప్పి జరిగినది ‘టేకెన్ అబాక్’. లోకవ్యవహారమునకు ఎక్కినది ఈ రెండవది మాత్రమే. కావుననే ఈ జాతీయము నేటికిని ఎక్కువగా కర్మణిరూపమునందు వినబడుచున్నది. ఏదో యొక తలంపుతో ముందునకు సాగుచున్నవానికి ఎదురుదెబ్బ తగిలి కాలు నిలదొక్కుకొనజాలని క్షణమునకే యది చెల్లును. సూర్యోదయమును చూచి మురిసినవానిని గూర్చి ఇంగ్లీషువాడు దీనిని వాడడు. తెలుగున ‘నిర్ఘాంతపోవుట’ యన్న పలుకుబడి దీనికి చేరువ. ‘ఆశ్చర్యపడుట’ మిక్కిలి దూరము.

‘బై అండ్ లార్జ్’ అను దానికి ‘మొత్తముమీద’ యను నర్థము సరియైనదే గాని, అది ఏ రెంటి మొత్తమో తెలిసినపుడే దానికి బరువు కలుగును. గాలికి వీలైనంత దగ్గరగా, కష్టించి నడుచు నడక ‘బై’; గాలి ప్రక్క వెనుకనుండి వీచుచుండగా హాయిగా నడుచు నడక ‘లార్జ్’. రెండు విధములను చక్కగా సాగు నావయే మంచి నావ. శామ్యూల్ స్టర్మీ 1669లో ప్రకటించిన ‘మెరినర్స్ మ్యాగజీన్’ నందే ఈ జంటప్రయోగము కనబడుచున్నది. ప్రతికూలానుకూలములను రెంటిని తూచిన పిమ్మట చెప్పు తీర్పునకు ఈ మాట తగునే కాని, పైపైన చూచి చెప్పు ఉజ్జాయింపునకు తగదు; ఈనాటి వ్రాతలలో ఈ భేదము నానాటికి సడలుచుండుట విచారింపదగినది.

త్రాగి తూలువానిని గూర్చి చెప్పు ‘త్రీ షీట్స్ ఇన్ ది విండ్’ నందు ‘షీట్’ అనగా చాప యనుకొని పొరబడువారు పెక్కురు. నావికభాషలో అది చాపయొక్క క్రిందిమూలను బిగబట్టు త్రాడు. ఆ త్రాళ్లు మూడును పట్టు వీడి గాలిలో కొట్టుకొనుచున్నపుడు చాపలు అదుపు తప్పి నావ తూలుట సహజమే గదా. లండను జీవితమును వర్ణించుచు 1821లో వెలువడిన యొక గ్రంథమున ఇది తాగుబోతు విషయమునకే వాడబడినది.

‘టు ది బిటర్ ఎండ్’ చర్చనీయము. లంగరు మోకును చుట్టి బిగించుటకు ఓడ మీద పాతిన జంటదిమ్మెలకు ‘బిట్స్’ అని పేరు; ఆ దిమ్మెలకు ఈవల ఓడలోపల మిగిలియుండు మోకుకొసను ‘బిటర్స్ ఎండ్’ అందురని కెప్టెన్ జాన్ స్మిత్ 1627 నాటి ‘సీ గ్రామర్’ లో వ్రాసినాడు. లంగరు అడుగునకు దిగిన కొలది మోకు జారి జారి ఆ కొస వచ్చినదనగా, ఇక విడుచుటకు ఏమియు లేదన్నమాట. అయితే బైబిలు సామెతల గ్రంథమునందు జారస్త్రీ సాంగత్యపు ఫలము మాచిపత్రివలె చేదైనదను వాక్యము ఆంగ్లానువాదమున ‘ఎండ్’, ‘బిటర్’ అను రెండు మాటలతోనే యున్నది. మోకుకొస, చేదుఫలము ఒకదానితో నొకటి పెనవేసికొని నేటి జాతీయ మేర్పడినదని తలచుటయే నాకు న్యాయముగా తోచుచున్నది. ఓటమి ఖాయమని తెలిసియు తుదివరకు పోరాడువాని విషయమున రెండర్థములును వినబడుచునే యున్నవి.

ఈ క్షేత్రమున పరిశోధకుడు మిక్కిలి జాగరూకుడై యుండవలసినది కట్టుకథల విషయమున. ఘోరమైన చలిని ఇత్తడికోతితో ముడిపెట్టి చెప్పు నొక జాతీయము కలదు. ఓడమీద ఫిరంగిగుండ్లను ‘మంకీ’ యను ఇత్తడిపళ్లెరమున రాశిగా పేర్చెడివారనియు, చలికి ఇత్తడి ఇనుముకంటె నెక్కువగా ముడుచుకొనుటచే గుండ్లు దొర్లిపడెడివనియు దానికి వ్యాఖ్య చెప్పుదురు. లెక్క వేసి చూతము: ఒక మీటరు వెడల్పు గల పళ్లెరమునకు, ఉష్ణోగ్రత 40 సెంటిగ్రేడు డిగ్రీలు పడిపోయినను, ఇత్తడి ఇనుముల సంకోచములో భేదము సుమారు 0.3 మిల్లీమీటరు మాత్రమే. అంతమాత్రమునకు గుండ్ల రాశి కూలదు. అదియును గాక, ఊగిసలాడు ఓడపై గుండ్లు రంధ్రములు గల కొయ్యపలకలలో నొక్కొక్కటిగా నిలుపబడెడివి. హెర్మన్ మెల్విల్ 1847లో వెలువరించిన ‘ఓమూ’ నందు ఈ ఇత్తడికోతి చలికి గాక వేడిమికి ఉపమానమగుట చూచినచో, ఈ కోతి నిజముగా బొమ్మకోతియే గాని పళ్లెరము గాదని తేటపడుచున్నది. ఇండియాకు వచ్చిపోవు పి అండ్ ఓ ఓడలలో నీడపట్టు గదులు గొన్న ధనికుల చీటీలపై నుండిన నాలుగు పొడియక్షరములనుండి ‘పోష్’ అను మాట పుట్టినదను కథయు నిట్టిదే. అట్టి చీటీ యొక్కటియు ఇంతవరకు దొరకలేదు.

‘టు టర్న్ ఎ బ్లైండ్ ఐ’ సత్యమునకును కట్టుకథకును నడుమ నిలిచినది. 1794లో కోర్సికా ద్వీపమున కాల్వీ ముట్టడిలో ఆంగ్లనౌకాసేనాని నెల్సను కుడికంటి చూపును కోల్పోయెను. 1801 ఏప్రిల్ 2వ తేదీన కోపెన్‌హేగన్ వద్ద యుద్ధము భీకరముగా సాగుచుండగా, పై యధికారియైన సర్ హైడ్ పార్కర్ పోరు విరమింపుమని జెండాల సంజ్ఞ నెత్తించెను. ‘ఎలిఫెంట్’ ఓడమీదనుండిన నెల్సను దుర్భిణిని చూపులేని కంటికి ఆనించి, తనకు సంజ్ఞ కనబడలేదని పలికి, పోరు సాగించెనని, ఆ ఓడమీదనే యుండిన కర్నల్ విలియం స్టువర్ట్ కథనము. అది 1809లో వెలువడిన నెల్సను జీవితచరిత్రమున కెక్కి లోకమున వ్యాపించినది. గ్రుడ్డికంటిని త్రిప్పుట యను మాట నెల్సను పుట్టుటకు పూర్వమే ఆంగ్లవాఙ్మయమున నుండినది గావున ఆయనయే దానికి జన్మదాత యనుట పొరపాటు. కాని ఆయన కథ యా మాటకు ఒక ప్రత్యేకార్థమును పోతపోసినది. పట్టికలు దీనికి ‘ఉపేక్షించుట’ యని వ్రాయును. ఉపేక్ష సోమరితనమువలనను కలుగవచ్చును. ఇచ్చట నట్లు గాదు. చూడవలసిన బాధ్యత గలవాడు, చూచి తెలిసికొన్న పిమ్మట, చూడలేదని చెప్పుటకు వీలుగా ముఖము త్రిప్పుటయే దీని యాంతర్యము. మన ‘పెడచెవిని పెట్టుట’ లో హితవు చెప్పినవాని మాటను వినకపోవుట యున్నదే గాని, వినలేదని బుకాయించుటకు దారి యుంచుకొనుట లేదు. మామూలు గైకొన్న యుద్యోగి కలపబండ్లను విడిచిపెట్టునపుడు మన పల్లెలలో ‘చూచీ చూడనట్లు పోనిచ్చినాడు’ అందురు. ఆంగ్లజాతీయమునకు సరితూగు తెలుగు మాట యిదియే.