సింగానల్లూరు: మహమ్మారి కాలమున మూత్రపిండముల మార్పిడి

కోయంబత్తూరునకు తూర్పుననున్న సింగానల్లూరు తెలుగువారి ప్రాచీన నివాసములలో నొకటి. విజయనగర, మధుర నాయకరాజుల కాలమునుండి దక్షిణమునకు తరలివచ్చిన కుటుంబముల సంతతివారు ఈ ప్రాంతమున వ్యవసాయము సాగించి, పిమ్మట నూలుమిల్లులను నెలకొల్పిరి. 1910లో లక్ష్మీమిల్లును స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడుగారి పేర 1952లో వైద్యశాల వెలసినది. మిల్లు కార్మికుల కొరకు సింగానల్లూరున ఇ.ఎస్.ఐ. వైద్యశాల యేర్పడినది.

ఈ నగరమునకు మహమ్మారి క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ప్లేగు పలుమారులు ప్రబలెను. నాటి భీతికి ప్లేగు మారియమ్మ ఆలయములు నేటికిని సాక్ష్యము. రోగులను ఆరోగ్యవంతులనుండి వేరుచేయుటయే నాటి ముఖ్యోపాయము.

2020లో కోవిడ్ వ్యాపించినపుడు ఇ.ఎస్.ఐ. వైద్యశాలను ఆ రోగులకే ప్రత్యేకించిరి. ఈ విభజన యొక్క ప్రయోజనము మూత్రపిండముల మార్పిడి విషయమున స్పష్టమగును. 1954లో బోస్టనునందు, 1971లో వేలూరునందు సఫలమైన ఈ చికిత్సలో, శరీరము పరాయి అవయవమును త్రోసిపుచ్చకుండుటకు రోగనిరోధకశక్తిని మందులతో తగ్గింపవలెను. అట్టి రోగికి అంటువ్యాధి ప్రాణాంతకము కావచ్చును.

కావున తొలినాళ్లలో సజీవదాతల శస్త్రచికిత్సలను వాయిదా వేయుట యుక్తమని నిపుణులు తలచిరి. దాత దేహమున మూత్రపిండము సురక్షితముగనే యుండును గదా! మృతదాత నుండి తీసిన మూత్రపిండమైనచో ఒకటి రెండు దినములకు మించి నిలువదు; అందు నిర్ణయము తక్షణమే జరుగవలెను. దాతకును గ్రహీతకును ముందుగా పరీక్ష జరుపుట, కోవిడ్ సోకిన దాత అవయవమును విడనాడుట, మార్పిడి రోగులకు వేరు గదులను, వేరు సిబ్బందిని నియమించుట ముఖ్య నియమములైనవి.

అయినను వాయిదా నిరపాయము కాదు. డయాలిసిస్ పై జీవించు రోగి వారమునకు రెండు మూడు పర్యాయములు వైద్యశాలకు రాక తప్పదు. వచ్చిన ప్రతిసారియు అంటువ్యాధి భయము వెన్నంటియే యుండును. మార్పిడి చేసినను అపాయమే, చేయకున్నను అపాయమే. ఈ రెంటిని తూచి, ఒక్కొక్క రోగి స్థితిని బట్టి నిర్ణయించుటయే వైద్యుల ధర్మమైనది.

ప్లేగు దినములలో వేరుచేయుట ఆరోగ్యవంతుల రక్షణకు మాత్రమే ఉపకరించెను. 2020లో అది దీర్ఘరోగుల చికిత్స నిలిచిపోకుండుటకును ఆధారమైనది. మహమ్మారి కొరకు ఒక వైద్యశాలను ప్రత్యేకించుట, తక్కిన రోగులకు ద్వారములు తెరచియుంచుటయే యని సింగానల్లూరు చరిత్ర తెలుపుచున్నది.