సున్నా మట్టం ఎక్కడ? రసమట్టం నుంచి రెవిట్ దాకా

తిరువూరులో ఇల్లు కట్టించేవాళ్లను తాపీ మేస్త్రి ముందుగా అడిగేది, "రోడ్డు మీద ఎంత లేపమంటారు?" అని. యజమాని మూడడుగులంటాడు. మేస్త్రి సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి, లోపల గాలిబుడగ లేకుండా చూసుకుని, ఒక కొస తను పట్టుకుని రెండోది కూలీ చేతికిస్తాడు. రెండు వైపులా నీళ్లు నిలకడగా ఆగిన చోట పిల్లర్ మీద పెన్సిల్ గీత పడుతుంది. బేస్‌మెంటు, లింటల్, శ్లాబు అన్నీ ఆ గీత నుంచే టేపుతో కొలుస్తారు. కంప్యూటర్లో భవనాన్ని నమూనాగా కట్టే బిమ్ సాఫ్ట్‌వేర్ గోడ కంటే ముందు అడిగే 'లెవెల్స్' కూడా ఈ గీతలే.

మట్టం చూసే పనిముట్లు పాతవే. గాజు గొట్టంలో బుడగ ఆడే రసమట్టాన్ని ఫ్రాన్సుకు చెందిన మెల్కిసెడెక్ తెవెనో 1661 ప్రాంతంలో తయారుచేశాడు. అయితే రసమట్టమైనా నీళ్ల పైపు అయినా ఈ చోటూ ఆ చోటూ సమానమా కాదా అన్నదే చెబుతాయి. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పవు. రోడ్డును సున్నా అనుకుంటే, పాత రోడ్డు మీద కొత్తది వేసిన ప్రతిసారీ సున్నా పైకి లేస్తుంది. మూడడుగులు లేపిన ఇల్లు కొన్నేళ్లకు వాననీళ్లకు దారి ఇస్తుంది.

కదలని సున్నా కోసం సర్వే ఆఫ్ ఇండియా సముద్రాన్ని ఆశ్రయించింది. తీరంలో ఏళ్ల తరబడి ఆటుపోట్లు కొలిచి, సగటు తీసి, అక్కడి నుంచి దేశంలోకి మట్టాలు మోసుకొచ్చింది. 1909 నాటి ఆ లెక్కకు ఆధారమైన తొమ్మిది తీరకేంద్రాల్లో మన విశాఖపట్నం ఒకటి. నాగార్జునసాగర్ 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు అని పేపర్లో చదివేది డ్యామ్ ఎత్తు కాదు, సముద్రమట్టం నుంచి నీటి ఎత్తు. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టులో ఉన్న తిరువూరు రైతుకు మట్టం లెక్క ఎంత ముఖ్యమో ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక లెవెల్స్ తర్వాత, భవనాన్ని చూపే చిత్రాలైన 'వ్యూ'ల సంగతి. ప్లాన్, ఎలివేషన్ (బయటి ముఖం), సెక్షన్ (నిలువు కోత) మూడూ వేర్వేరుగా గీయాలని చిత్రకారుడు రాఫెల్ 1519 ప్రాంతంలో పోప్ పదో లియోకు రాసిన లేఖలో వివరించాడు. ఇంటిని నడుమెత్తు దాటాక జామకాయలా అడ్డంగా కోసి, పై ముక్క తీసేసి, పైనుంచి చూస్తే కనిపించేదే ఫ్లోర్ ప్లాన్. ఈ పద్ధతితో ఒక చిక్కూ వచ్చింది. లింటల్ ఎత్తు మారితే సెక్షన్‌లోనూ, ఎలివేషన్‌లోనూ విడివిడిగా చెరిపి దిద్దాలి. ఒకచోట మరిచిపోతే సైటులో గొడవే.

గీతలు కాకుండా భవనాన్నే కంప్యూటర్లో దాచి, కావలసిన చిత్రాలు అందులోంచి తీసుకోవచ్చని అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఈస్ట్‌మన్ 1970ల నడుమ ప్రతిపాదించాడు. 1982లో బుడాపెస్టులో పుట్టిన గ్రాఫిసాఫ్ట్ సంస్థ ఆర్కికాడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ ఆలోచనను ఆర్కిటెక్టుల బల్లమీదికి తెచ్చింది. లియోనిడ్ రైజ్, ఇర్విన్ జంగ్రైస్ 1997లో ప్రారంభించిన సంస్థ నుంచి 2000లో రెవిట్ అనే బిమ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. రెండేళ్లకే ఆటోడెస్క్ ఆ సంస్థను 13.3 కోట్ల డాలర్లకు కొనేసింది.

రెవిట్‌లో గోడ పైఅంచును శ్లాబు లెవెల్‌కు కడితే, లెవెల్‌ను పైకి జరపగానే గోడ కూడా పెరుగుతుంది, ఎలివేషన్, సెక్షన్ వాటంతట అవే మారతాయి. అదే లెవెల్‌ను డిలీట్ చేస్తే దాని ప్లాన్లూ, దాన్ని ఆధారం చేసుకున్న సామగ్రీ కూడా పోతాయి. ఫ్లోర్ ప్లాన్ కోసం ఇంటిని అడ్డంగా కోసే కోత ఇక్కడ 'వ్యూ రేంజ్' పేరుతో ఉంది. మెట్రిక్ కొలతల్లో కోత మామూలుగా 1200 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. బాత్రూమ్ వెంటిలేటర్‌ను 1800 మిల్లీమీటర్ల ఎత్తున పెడితే త్రీడీలో కనిపిస్తుంది, ప్లాన్‌లో మాయమవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని మళ్లీ మళ్లీ పెడుతుంటారు. కోతను అంతవరకు పైకి జరపాలి, లేదా ఆ గది మేరకే వేరే కోత ఎత్తు పెట్టే 'ప్లాన్ రీజియన్' ఇవ్వాలి. ప్రతి అంతస్తుకూ ఇదే అమరిక కావాలంటే వ్యూ టెంప్లేట్ ఉంది.

సున్నా తగవు కూడా తీరింది. లెవెల్ అంకెను ఇంటి సొంత సున్నా నుంచీ చూపొచ్చు, సర్వే పాయింట్ నుంచి సముద్రమట్టం లెక్కలోనూ చూపొచ్చు. కానీ ఆ సున్నా ఎక్కడ పెట్టాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, మనమే చెప్పాలి. ఇల్లు కట్టించేవారు ప్లాన్ చేతికి రాగానే గదుల కొలతలతో సరిపెట్టుకోకండి. సున్నా ఎక్కడ పెట్టారో, అది రోడ్డు పెరిగినా కదలని గుర్తో కాదో డ్రాఫ్ట్స్‌మన్‌ను అడిగి, షీటు మీద రాయించుకోండి.