కుట్టుమిషను సొమ్ముతో లేచిన కీర్తిగోడ

పాత ఇళ్ళలో కిటికీ పక్కన నల్లటి సింగర్ కుట్టుమిషను ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఒంటిమీద బంగారు రంగు అక్షరాలు, కింద కాలితో తొక్కే ఇనప చట్రం. మన అమ్మమ్మల జాకెట్లు, పిల్లల పరికిణీలు కుట్టిపెట్టిన ఆ మిషను లాభాల్లోంచే అమెరికాలో ఒక కీర్తిమందిరం లేచింది. అందులోకి ఎవరు రావాలి, ఎవరిని గుమ్మం బయటే ఆపాలి అని అక్కడివాళ్ళు తొంభై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. అదే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్.

బేస్‌బాల్‌తో సికింద్రాబాద్‌కేం పని అంటారా? ఆట మనది కాదు, తగవు మాత్రం మనదే. క్రికెట్‌లో జయసింహ గొప్పా, లక్ష్మణ్ గొప్పా అని మారేడ్‌పల్లిలో చాయ్ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళకు ఈ కథ కొత్తగా అనిపించదు. కాకపోతే వాళ్ళు తగవుకు ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. మనం ఇంకా చాయ్ దగ్గరే ఉన్నాం.

రాజుగారి ఇష్టం నుంచి ఓటు దాకా

గొప్పవాళ్ళను ఒకచోట చేర్చి నిలబెట్టాలన్న కోరిక పాతది. బవేరియా రాజు మొదటి లుడ్విగ్ డాన్యూబ్ నది ఒడ్డున 1842లో వాల్హాల్లా అనే మందిరాన్ని తెరిచాడు. మ్యూనిక్‌లో ఆయనే కట్టించిన మరో మందిరం 1853లో పూర్తయింది. దాని పేరు రూమెస్‌హాల్లే. ఆ జర్మన్ మాటకు అర్థం కీర్తిమందిరమే. ఎవరి విగ్రహం పెట్టాలన్నది మాత్రం రాజుగారి ఇష్టం.

ఆ పెత్తనాన్ని ఓటు చేతికి ఇచ్చింది అమెరికా. 1900లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం బ్రాంక్స్‌లో అమెరికా మహనీయుల కోసం హాల్ ఆఫ్ ఫేమ్ ఏర్పాటు చేసి, ప్రముఖులను ఓటర్లుగా పెట్టింది. తొలి విడత 29 మంది ఎంపికయ్యారు. జార్జి వాషింగ్టన్‌కు 97 ఓట్లకు 97 పడ్డాయి. ఆ మందిరాన్ని చూసివచ్చిన ఫోర్డ్ ఫ్రిక్ అనే బేస్‌బాల్ పెద్దమనిషికి, ఇలాంటిది మా ఆటకెందుకు ఉండకూడదు అనిపించింది. అప్పటికే కూపర్స్‌టౌన్ అనే పల్లెలో ఒక బేస్‌బాల్ మ్యూజియం పెట్టాలని మరొకాయన చూస్తున్నాడు. ఆయన స్టీఫెన్ క్లార్క్. సింగర్ కంపెనీలో భాగస్వామి అయిన ఎడ్వర్డ్ క్లార్క్ మనవడు.

కూపర్స్‌టౌనే ఎందుకు? 1839లో ఆబ్నర్ డబుల్‌డే అనే ఆయన బేస్‌బాల్‌ను అక్కడే కనిపెట్టాడని 1907లో ఒక సంఘం తేల్చింది. నిజానికి ఆ ఏడాది డబుల్‌డే వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో విద్యార్థి. చరిత్రకారులు ఆ కథను ఎప్పుడో కొట్టిపారేశారు. అయితేనేం, పక్క ఊళ్ళో అటకమీద దొరికిన ఓ చిరిగిన బంతిని డబుల్‌డే బంతి అంటూ క్లార్క్ 5 డాలర్లకు కొన్నాడు. ఆర్థిక మాంద్యంలో డీలాపడ్డ ఊరికి నాలుగు డబ్బులొస్తాయని మ్యూజియం కట్టించాడు. 1939 జూన్ 12న అది తెరుచుకుంది. స్థలపురాణం అబద్ధమైనా గుడికి భక్తులు తగ్గలేదు.

బేబ్ రూత్‌కు పదకొండు ఓట్లు తక్కువ

గోడకంటే ముందే ఓటింగ్ మొదలైంది. 1936లో బేస్‌బాల్ విలేకరులు 226 మంది ఓటేశారు. నాలుగింట మూడొంతుల ఓట్లొస్తేనే లోపలికి. టై కాబ్‌కు 222, బేబ్ రూత్‌కు, హోనస్ వాగ్నర్‌కు చెరి 215 వచ్చాయి. క్రిస్టీ మాథ్యూసన్, వాల్టర్ జాన్సన్‌లతో కలిపి మొత్తం అయిదుగురే గట్టెక్కారు. బేబ్ రూత్ పేరు రాయడానికి 11 మందికి చేతులు రాలేదు! 511 విజయాలతో ఇప్పటికీ ఎవరికీ అందని సై యంగ్ ఆ ఏడాది గుమ్మం దగ్గరే ఆగిపోయి, మరుసటి ఏడాది వచ్చాడు.

తరవాత నిబంధనలు గట్టిపడ్డాయి. కనీసం పది సీజన్లు ఆడి ఉండాలి. రిటైరై అయిదేళ్ళు గడవాలి. ఓటరు ఒక చీటీలో పది పేర్లకు మించి రాయకూడదు. 5 శాతం రానివాడు జాబితా నుంచి పోతాడు. పదేళ్ళు ప్రయత్నించినా 75 శాతం అందకపోతే విలేకరుల ఓటింగ్‌లో అతని కథ ముగిసినట్టే. 2019లో మరియానో రివేరా వచ్చేదాకా ఒక్కరికీ నూటికి నూరు శాతం పడలేదు. 2025లో ఇచిరో సుజుకికి 394లో 393 వచ్చాయి. ఆ ఒక్క ఓటు వెయ్యనివారెవరని ఎంత మంది అడిగినా జవాబు రాలేదు.

అసలు చిక్కు అంకెల దగ్గర కాదు, నడవడి దగ్గర. అందరికంటే ఎక్కువగా 4,256 హిట్లు కొట్టిన పీట్ రోజ్‌పై పందేల కేసులో 1989లో శాశ్వత నిషేధం పడింది. నిషేధితులు చీటీలోకే రాకూడదని 1991లో నిబంధన తెచ్చారు. ఆయన 2024లో పోయాడు. 2025లో నిషేధం తీసేశారు. మనిషి ఉన్నంతకాలం మూసిన తలుపు పోయాక తెరుచుకుంది. 762 హోమ్ రన్ల బారీ బాండ్స్ ఉత్ప్రేరకాల నీడ పడి 2022లో పదో ప్రయత్నంలోనూ 66 శాతం దగ్గరే నిలిచిపోయాడు.

ఈ ప్రశ్న మన ఊరికీ తెలుసు. 99 టెస్టులు, 22 శతకాల అజారుద్దీన్‌పై మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణతో 2000లో బీసీసీఐ జీవితకాల నిషేధం విధించింది. అది చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2025లో ఉప్పల్ స్టేడియం స్టాండు మీద ఆయన పేరు తీసేయాలని హైదరాబాద్ క్రికెట్ సంఘం అంబుడ్స్‌మన్ ఆదేశించారు. ఈసారి అభ్యంతరం పరస్పర విరుద్ధ ప్రయోజనాల మీద. హైకోర్టు దాన్ని ఆపింది. గోడమీద పేరంటే మనకూ చిన్న విషయం కాదు.

మన దిగ్గజాల లెక్క

ఆ మాటకొస్తే మనకిది కొత్తా? భువనవిజయంలో అష్టదిగ్గజాలున్నారంటాం. ఆ ఎనిమిది మంది ఎవరెవరన్న దానిపై సాహిత్య చరిత్రకారులు ఇప్పటికీ ఒక మాటకు రాలేదు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లను కలిపే ట్యాంక్‌బండ్ మీద 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెలుగు మహనీయుల విగ్రహాలు పెట్టించింది. ఎంపిక ఏలినవారిది. అందులో తెలంగాణ వాటా ఎంత అన్న ప్రశ్న పాతికేళ్ళు రగిలి, 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు విగ్రహాలు కూలడం దాకా వెళ్ళింది. ఓటు చీటీలో తేలాల్సిన వాదన గునపాల దాకా పోయింది.

క్రికెట్‌కు ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్ 2009లో వచ్చింది. తొలి జాబితాలోని 55 మందిలో భారతీయులు ముగ్గురే: బేడీ, గవాస్కర్, కపిల్‌దేవ్. 2025లో ధోనీ చేరడంతో మనవాళ్ళు పదకొండు మంది అయ్యారు. అందులో హైదరాబాద్ జట్టు నుంచి వచ్చినవారు ఒక్కరూ లేరు.

ఈ లోటు ముందుగా తీరేది మిథాలీ రాజ్ వల్లే. సికింద్రాబాద్ కీస్ పాఠశాలలో చదువుకుని, ఇక్కడి నెట్స్‌లోనే బ్యాటు పట్టిన మనిషి. 1999లో తొలి వన్డేలోనే శతకం, 2002లో టాంటన్‌లో 214, వన్డేల్లో 7,805 పరుగులు, 2005లో, 2017లో ప్రపంచకప్ ఫైనల్‌కు చేర్చిన నాయకత్వం. ఆమె రిటైరైంది 2022 జూన్‌లో. ఐసీసీ జాబితాకూ అయిదేళ్ళ గడువు ఉంది, అది 2027లో తీరుతుంది. ఈమె విషయంలో వాదన అక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

వాదన కావలసింది జయసింహ దగ్గర. సికింద్రాబాద్‌లో పుట్టిన ఆయన 39 టెస్టుల్లో చేసింది 2,056 పరుగులు, 3 శతకాలు. అంకెలు పట్టుకుంటే చీటీలోంచి మొదటే ఎగిరిపోతాడు. కానీ 1960లో కలకత్తా టెస్టులో అయిదు రోజులూ క్రీజులో కనిపించిన తొలి ఆటగాడు ఆయనే. 1968లో మధ్యలో పిలుపందుకుని ఆస్ట్రేలియా వెళ్ళి, దిగీ దిగగానే బ్రిస్బేన్‌లో 74, 101 కొట్టాడు. గవాస్కర్ తన కొడుక్కి రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టుకున్నాడు. రోహన్ కన్హాయ్, జయసింహ, విశ్వనాథ్ కలిసిన పేరది. ఇంతకుమించిన ఓటు ఏ విలేకరి వేస్తాడు? లక్ష్మణ్‌దీ ఇలాంటి చిక్కే. 134 టెస్టులు, 17 శతకాలు చూసి పెదవి విరిచేవాళ్ళుంటారు. 2001 ఈడెన్‌లో ఫాలోఆన్ ఆడుతూ చేసిన 281ని ఏ తూకంలో వేస్తారు?

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద అన్యాయం క్రికెట్‌లో జరగలేదు. అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం ఫుట్‌బాలర్. రహీం సాబ్ శిక్షణలో 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీపై ఒకటి, పెరూపై ఒకటి గోల్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాదే అనారోగ్యం ఆటను లాగేసుకుంది. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని ముగ్గురినీ ఒక్క ఊపిరిలో చెప్పేవారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు అర్జునతోనే సరి. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. అరుదుగా తప్ప పద్మ పురస్కారాలు మరణానంతరం ఇవ్వరు గనక ఆ దారీ దాదాపు మూసుకున్నట్టే.

కూపర్స్‌టౌన్ నుంచి నేర్చుకోవలసింది కంచు ఫలకాలు చేయించడం కాదు. ఓటర్లెవరో, కొలత ఏమిటో, ఎన్ని ఓట్లు పడ్డాయో ఏటా బయటపెట్టడం. అది ఉంటే అన్యాయం జరిగినా కంటికి కనిపిస్తుంది. కనిపిస్తే దిద్దుకోవచ్చు, సై యంగ్‌కు మరుసటి ఏడాదే దిద్దుకున్నట్టు. మన పురస్కారాల్లో బలరాంకు ఎన్ని ఓట్లు తక్కువయ్యాయో మనకు ఎప్పటికీ తెలియదు.

జింఖానా మైదానం దగ్గర ఒక గోడ చాలు. పాత ఆటగాళ్ళు, కోచ్‌లు, క్రీడా విలేకరులు కలిసి ఏటా ఓటేసి, లెక్క పేపర్లో వేస్తే చాలు. నా చీటీలో మొదటి పేరు తులసీదాస్ బలరాం. మీది రాయండి.