ఓడలో ఉద్యోగమా? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

‘ఓడలో ఉద్యోగం.. డాలర్లలో జీతం’ అని మీ వాట్సాప్‌కు మెసేజ్ వచ్చిందా? మీరు ఏలూరులో ఉన్నా, తాడేపల్లిగూడెంలో ఉన్నా, కొల్లేరు లంక గ్రామాల్లో ఉన్నా సరే.. చెరువు లీజు సొమ్మో, బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బో ఏజెంటు చేతిలో పెట్టకముందే రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి ఏజెన్సీ లైసెన్సు, రెండోది ఒప్పంద పత్రం.

ఏ లైసెన్సు ఉండాలి?

గల్ఫ్‌కు కార్మికులను పంపే ఏజెంట్లకు విదేశాంగ శాఖ ఇచ్చే లైసెన్సు ఇక్కడ చెల్లదు. ఓడలకు సిబ్బందిని పంపాలంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు తప్పనిసరి. ఆ నంబరు అడగండి. డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోని జాబితాతో సరిపోల్చుకోండి.

ఏజెంటుకు డబ్బు కట్టాలా?

అక్కర్లేదు. ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్టు, సీడీసీ అనే నావికుల పుస్తకం, మెడికల్ సర్టిఫికెట్ ఖర్చులు మీవి. వీసా ఖర్చు ఓడ యజమానిది.

ఒప్పందంలో ఏముండాలి?

నావికుల హక్కులపై 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఎంఎల్‌సీని భారత్ 2015లో ఆమోదించింది. దాని ప్రకారం మీ పత్రంలో ఇవి కనిపించాలి:

• ఓడ యజమాని పేరు, చిరునామా, మీ హోదా
• జీతం ఎంత, ఎలా లెక్కిస్తారు
• జీతంతో కూడిన సెలవులు (నెలకు కనీసం 2.5 రోజులు)
• వైద్యం, ఇంటికి తిరుగు ప్రయాణం
• ఒప్పందం రద్దుకు నోటీసు గడువు (కనీసం 7 రోజులు)

చదువుకోవడానికి, తెలిసినవారి సలహా తీసుకోవడానికి మీకు సమయం ఇవ్వాలి. ఇరువైపులా సంతకాలున్న అసలు ప్రతి ఒకటి మీ దగ్గర ఉండాలి. దాన్ని ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. ఖాళీ కాగితంపై సంతకం చేయొద్దు.

జీతం ఆగిపోతే?

యజమాని సంబంధాలు తెంచుకుని కనీసం రెండు నెలల జీతం ఎగ్గొడితే, సిబ్బందిని గాలికి వదిలేసినట్టే లెక్క. అప్పుడు ఓడకున్న ఆర్థిక హామీ నుంచి 4 నెలల వరకు జీతం బకాయిలు, ఇంటికి చేరే ఖర్చులు రాబట్టుకోవచ్చు. ఆ హామీ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదును డీజీ షిప్పింగ్‌కు పంపవచ్చు. అందుకు మీ చేతిలో ఉండాల్సిన ముఖ్యమైన ఆధారం ఆ ఒప్పంద పత్రమే.

ఎవరికి వర్తించదు?

చేపల వేట ఓడలు, నాటు పడవలు ఎంఎల్‌సీ పరిధిలోకి రావు. మిమ్మల్ని తీసుకెళ్లేది సరకుల ఓడకా, వేట ఓడకా అన్నది ముందే అడగండి.