డీహెచ్‌ఈఏ: వయసుతో తగ్గే హార్మోన్‌ను మాత్రతో నింపే ప్రయత్నం

డీహైడ్రోఎపియాండ్రోస్టెరాన్‌ను వాడుకలో డీహెచ్‌ఈఏ అంటారు. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు దీన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. కణజాలాలు దీన్ని టెస్టోస్టెరాన్‌గానో, ఈస్ట్రోజెన్‌గానో మార్చుకుంటాయి. అంటే ఇది ఇతర హార్మోన్లకు ముడిసరుకు. 1934లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ దీన్ని మానవ మూత్రం నుంచి వేరుచేశారు. అడ్రినల్ దీన్ని ప్రధానంగా సల్ఫేటు రూపంలో విడుదల చేస్తుందని 1960 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ ఎమిల్ బోలియూ చూపారు. ఇరవైలలో గరిష్ఠంగా ఉండే దీని మట్టం ఎనభై ఏళ్లు వచ్చేసరికి అందులో ఐదో వంతుకో, పదో వంతుకో దిగుతుంది. మాత్రల మీద ఆశంతా ఈ అంకె నుంచే పుట్టింది. అయితే వయసుతో తగ్గడం వేరు, జబ్బు వల్ల లోపించడం వేరు. ఈ తేడాను విస్మరించడమే డీహెచ్‌ఈఏ చరిత్రలో జరిగిన అసలు పొరపాటు.

ఎలుకల్లో ఇది ఊబకాయాన్ని తగ్గించిందన్న ఫలితాలు మొదట ఉత్సాహం రేపాయి. కానీ ఎలుకల అడ్రినల్ గ్రంథులు ఈ హార్మోన్‌ను దాదాపుగా తయారుచేయవు. వాటికి లేనిదాన్ని ఇచ్చి చూసిన ఫలితం మనుషుల ముసలితనానికి ఎలా వర్తిస్తుంది? 1986లో కాలిఫోర్నియాలోని రాంచో బెర్నార్డో అధ్యయనం, ఈ హార్మోన్ ఎక్కువగా ఉన్న పురుషుల్లో మరణాలు తక్కువని చెప్పింది. స్త్రీలలో ఆ రక్షణ కనబడలేదు. పైగా అనారోగ్యమే హార్మోన్‌ను తగ్గించి ఉండవచ్చు. అమెరికాలో 1985లో ఆపిన బహిరంగ అమ్మకం, 1994 నాటి ఆహార అనుబంధాల చట్టంతో మళ్లీ మొదలైంది. అమ్మకానికి దారి ఇచ్చింది చట్టం, వైద్య నిరూపణ కాదు. క్రీడాకారులకు మాత్రం ఇది నేటికీ నిషిద్ధ పదార్థమే.

మేలు అసలే లేదా అన్న ప్రశ్న న్యాయమైనది. 2000లో బోలియూ బృందం 60–79 ఏళ్ల 280 మందిపై జరిపిన పరీక్షను ప్రచురించింది. రోజుకు 50 మి.గ్రా. చొప్పున ఏడాది వాడాక, ముఖ్యంగా డెబ్బై దాటిన స్త్రీలలో చర్మం, ఎముకలు, లైంగికాసక్తిలో కొంత మెరుగు కనిపించింది. దాన్ని కాదనలేం. అయితే మాత్రలు కొనేవారు కోరుకునేది బలం, చురుకుదనం. వాటిని మేయో క్లినిక్ బృందం రెండేళ్లపాటు పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించింది. రక్తంలో హార్మోన్ యౌవన స్థాయికి చేరింది, కండబలం మాత్రం పెరగలేదు, జీవన నాణ్యతా మారలేదు. కాబట్టి మోతాదు చాలలేదన్న వాదన ఇక్కడ నిలవదు. అడ్రినల్ గ్రంథులే విఫలమైన స్త్రీలకు ఇచ్చినప్పుడు, 1999లో వెలువడిన ఒక జర్మన్ పరీక్షలో, మనోస్థితి మెరుగైంది. ఆ మేలు తర్వాతి పరీక్షల్లో అంత స్పష్టంగా తేలలేదు గానీ, అక్కడ భర్తీ చేసింది నిజమైన లోపాన్ని. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన ప్రాస్టెరాన్ కూడా ఇదే పదార్థం. ముట్లుడిగిన స్త్రీలకు కలయికలో కలిగే నొప్పి తగ్గడానికి దాన్ని యోనిలో ఉంచుతారు, మింగరు.