ప్రభుత్వ కొలువుల్లో మైనారిటీ స్త్రీ: 22-ఎ నిబంధన

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో సర్వీసు నిబంధనల్లో 22-ఎ ను చేర్చింది. స్త్రీ పురుషులు సమానంగా తగిన కొలువుల్లో కనీసం 30 శాతం స్త్రీలకు దక్కాలనీ, ఆ వాటాను ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ కోటాల్లో దేనికది విడిగా లెక్కించాలనీ అది నిర్దేశించింది. రాజ్యాంగంలోని 15(3) అధికరణ ప్రభుత్వోద్యోగాలకూ వర్తిస్తుందంటూ సుప్రీంకోర్టు 1995లో విజయకుమార్ కేసులో ఈ నిబంధనను సమర్థించింది. 1996లో వాటా మూడో వంతుకు పెరిగింది.

ఈ చరిత్రలో మైనారిటీ స్త్రీకి మతం పేరిట ప్రత్యేక స్థానం లేదు. ఆమె స్థానాన్ని నిర్ణయించినది వర్గీకరణే. దూదేకుల స్త్రీ బీసీ-బి లోనూ, 2007 చట్టం గుర్తించిన ముస్లిం తరగతుల స్త్రీ 4 శాతం గల బీసీ-ఇ లోనూ, సయ్యద్ స్త్రీ ఓసీలోనూ పోటీపడవలసి వచ్చింది. క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాల స్త్రీకి బీసీ-సి వర్తించింది. ఆ వర్గానికి దక్కేది వందలో ఒక్క కొలువే. అందులో మూడో వంతు అంటే సగటున మూడు వందల నియామకాలకు ఒక్కటి. అంతకన్నా తక్కువ ఖాళీలున్న ప్రకటనలో ఆమె హక్కు కాగితానికే పరిమితమయ్యే అవకాశం ఉంది.

కాబట్టి ‘స్త్రీల నియామకాలు’ అన్న ఒక్క మొత్తం ప్రాతినిధ్యానికి కొలమానం కాజాలదు. ఏ వర్గపు స్త్రీ ఏ కోటాలో ప్రవేశించిందో విడదీసి పరిశీలించినప్పుడే ఆమె లేమి చరిత్రకు కనిపిస్తుంది.