లోచెవి సమతౌల్య పరీక్షల విశ్వసనీయత

లోచెవిలోని అర్ధవృత్తాకార నాళికలు తల కదలికను పసిగట్టి చూపు చెదరకుండా చూస్తాయి. వీటిపై కృషికి రాబర్ట్ బరానీ 1914 నోబెల్ బహుమతి పొందారు. 1942లో ఫిట్జెరాల్డ్, హాల్‌పైక్ స్థిరపరచిన పద్ధతిలో, దేహోష్ణతకు 7 డిగ్రీలు అటూ ఇటూగా 30, 44 డిగ్రీల నీటిని చెవిలోకి పంపి కనుగుడ్ల కదలికను కొలుస్తారు. ఆరోగ్యవంతుల్లోనూ ఈ స్పందన మనిషికీ మనిషికీ బాగా మారుతుంది. గులిమి, నిద్రమత్తు, కొన్ని మందులు కూడా దాన్ని మారుస్తాయి. అందుకే విడి అంకెకన్నా రెండు చెవుల మధ్య తేడాయే నమ్మదగిన కొలత. అది సుమారు 25 శాతం దాటితేనే లోపమంటారు. అయితే కళ్లు తిరిగినంత మాత్రాన లోచెవి లోపం కాదు: నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో ఎండన పనిచేసేవారికి ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరిగినా లోచెవి బాగానే ఉండవచ్చు.  అందుకే ఈ పరీక్ష చేసే ప్రతిచోటా, పోల్చిచూసేందుకు ముందు స్థానిక ఆరోగ్యవంతుల కొలతలు సేకరించాలి.